ముడి లేని తివాచీ

ప్రశ్న: కెనడాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, నోవా స్కోషియా రాష్ట్రంలో కేప్ బ్రెటన్ ద్వీపంలోని షెటికాంప్‌లో చిన్న ఊలు తివాచీ కొన్నాను. వెనక్కి తిప్పి చూస్తే ఒక్క ముడి కూడా కనిపించలేదు. మా ఊరి తివాచీల్లో ప్రతి పోగుకూ ముడి ఉంటుంది కదా; ఇది నాలుగు రోజులు తొక్కితే ఊడిపోదా? ఉతకవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఊడిపోదు. ఏలూరు తివాచీని మగ్గం మీద పడుగు దారాలకు ఊలు ముడివేస్తూ నేస్తారు. మీరు కొన్నది అసలు నేసినదే కాదు. చట్రానికి బిగించిన గోనెపట్టా కింద ఒక చేత్తో ఊలు పట్టుకుని, పైనుంచి రెండో చేత్తో కొక్కెం గుచ్చి, ఆ ఊలును చిన్న చిన్న లూపులుగా పైకి లాగుతారు. గోనె పోగులు ప్రతి లూపునూ దాని మొదలు దగ్గర బిగించి పట్టుకుంటాయి, ఒత్తుగా నిలిచిన పక్క లూపులు దాన్ని కదలనివ్వవు.

అట్లాంటిక్ తీరపు ఇళ్లలో పాత బట్టల పేలికలతో, ఖాళీ గోనె సంచులతో సాగిన పొదుపు పని ఇది. (ఆ గోనెకు జనపనార ఒకప్పుడు చాలావరకు మన బెంగాల్ నుంచే వెళ్లేది.) న్యూఫౌండ్‌లాండ్‌లో డాక్టర్ గ్రెన్‌ఫెల్ వైద్య మిషన్ వారు విరాళంగా వచ్చిన పట్టు మేజోళ్లకు రంగులద్ది ఇస్తే, జాలరి కుటుంబాల స్త్రీలు వాటితో కుక్కబండ్లనూ ఎలుగుబంట్లనూ రూపుకట్టి అమ్మేవారు. ఫ్రెంచి మాట్లాడే అకాడియన్ల ఊరైన షెటికాంప్‌లో మాత్రం, 1920ల చివర న్యూయార్క్ చిత్రకారిణి లిలియన్ బర్క్ ప్రోత్సాహంతో, రంగులద్దిన సన్నని ఊలుతో అమ్మకానికి పెద్ద తివాచీలు చేయడం మొదలైంది. ఆ ప్రాంతపు ఎలిజబెత్ లెఫోర్ట్ ఈ కొక్కెంతోనే ప్రముఖుల రూపచిత్రాలు తీర్చారు. నా దృష్టిలో అవి తైలవర్ణ చిత్రాలకు తీసిపోవు. ఇప్పుడు నోవా స్కోషియాలోనే ఉన్న ఆమ్‌హర్స్ట్‌లో డియాన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ వంటివారు గోడకు వేలాడదీసే చిత్రాలుగానే దీన్ని సాధన చేస్తున్నారు.

మీరు భయపడవలసింది లూపుల గురించి కాదు, గోనె గురించి. అది కాలం గడిచేకొద్దీ పెళుసుబారుతుంది, తడికి పుచ్చిపోతుంది. కనుక వాషింగ్ మెషీన్‌లో వేయకండి, గట్టిగా విదిలించకండి, తడినేల మీద పరవకండి. దాచేటప్పుడు మడత పెట్టకుండా, ఊలు బయటికి ఉండేలా చుట్టండి. చాప చుట్టినట్టు బొమ్మను లోపలికి చుడితే వెనకనున్న గోనె సాగిపోతుంది. ఎప్పుడైనా ఒక లూపు పైకి లేస్తే కత్తిరించకండి, కొక్కెంతో వెనక్కి లాగి సరిచేస్తే చాలు.