టెక్ సందేహాలు: వైరును పట్టుకుంటే రీడింగ్ ఎందుకు ఎగిరింది?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు డ్రయర్లకు టెంపరేచర్ కంట్రోలర్లు తయారు చేస్తాం. కొనుగోలుదారు అడిగాడని ఒకటి ల్యాబ్‌కు పంపాం. అక్కడ బాక్సు జోలికే వెళ్లలేదు, థర్మోకపుల్ (వేడిని కొలిచే సెన్సర్) వైరుకు పొడవాటి గొట్టం లాంటి క్లాంప్ తగిలించారు. 70 డిగ్రీలు చూపాల్సింది 90 దాటింది. ఫెయిల్ అన్నారు. డ్రయర్ దగ్గర ఎన్నడూ ఇలా కాలేదు. ఈ టెస్ట్‌కు అర్థం ఉందా?

జవాబు: ఉంది. మీ వైరే యాంటెనా అయి కూర్చుంది.

ఇది ఐఈసీ 61000-4-6 టెస్ట్, అంటే వైర్ల గుండా చొరబడే రేడియో సిగ్నళ్లను పరికరం తట్టుకుంటుందా అని చూసే అంతర్జాతీయ ప్రమాణం. సాధారణంగా 150 కిలోహెర్ట్జ్ నుంచి 80 మెగాహెర్ట్జ్ వరకు చేస్తారు. మీడియం వేవ్ రేడియో కూడా ఇందులోకే వస్తుంది. 80 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 3.75 మీటర్లు, 150 కిలోహెర్ట్జ్ దగ్గరైతే 2 కిలోమీటర్లు. జానెడు బాక్సుకు ఇంత పొడవాటి అలలు పెద్దగా అందవు. దానికి వేలాడే వైర్లకు అందుతాయి. అందుకే ఆ సిగ్నల్‌ను తిన్నగా వైరులోకే ఎక్కిస్తారు.

ఎలక్ట్రీషియన్ దగ్గరుండే క్లాంప్ మీటర్ తీగలో పారే కరెంటును చదువుతుంది. ల్యాబ్ క్లాంప్‌ది తిరగేసిన పని: వైరు కోయకుండా, విప్పకుండా బయటి నుంచే కరెంటును లోపలికి తోస్తుంది. మీరు చూసిన గొట్టం ఈఎం క్లాంప్ అయి ఉంటుంది. లోపల ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) ఉంటుంది. అయస్కాంత క్షేత్రంతోనూ, విద్యుత్ క్షేత్రంతోనూ సిగ్నల్ ఎక్కిస్తుంది. సుమారు 10 మెగాహెర్ట్జ్ దాటాక సిగ్నల్ ఎక్కువగా మీ బాక్సు వైపే వెళ్తుంది. గుండ్రటి కరెంట్ క్లాంప్‌కు ఈ దిశ పట్టింపు లేదు, వైరు అవతలి కొస ఎలా ఉందన్న దాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. రెండిట్లో నాకు మొదటిదే నచ్చుతుంది.

ఇక 20 డిగ్రీల సంగతి. కె టైప్ థర్మోకపుల్ డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులే. క్లాంప్ ఎక్కించేది వోల్టుల్లో, ఫ్యాక్టరీ పరికరాలకైతే తరచుగా 10 వోల్టులు. ఆ రేడియో సిగ్నల్ మీ యాంప్లిఫయర్ చిప్‌లో రెక్టిఫై అయి, అంటే అటూఇటూ ఊగే సిగ్నల్ ఒకే వైపు కరెంటుగా మారి, ఒక్క మిల్లీవోల్టు డీసీగా మిగిలినా 24 డిగ్రీల తేడా! సాఫ్ట్‌వేర్‌లో సగటు తీస్తే పోతుందనుకోకండి. డీసీ తప్పుకు సగటు తీసినా అదే తప్పు వస్తుంది.

ఏ ఫ్రీక్వెన్సీలో తప్పిందో ల్యాబ్‌ను అడగండి. యాంప్లిఫయర్‌కు ముందే, చిప్ కాళ్లకు దగ్గరగా రెసిస్టర్, కెపాసిటర్ ఫిల్టర్ పెట్టండి. షీల్డ్ (చుట్టూ లోహపు తొడుగు) ఉన్న మెలితిప్పిన వైరు వాడి, ఆ షీల్డ్‌ను వైరు లోపలికి వచ్చే చోటే లోహపు బాక్సుకు చుట్టూ తగిలేలా బిగించండి. షీల్డ్ చివర సన్న తీగ లాగి ఎక్కడో స్క్రూకు కట్టడం మనవాళ్లకు అలవాటు, అక్కడే సగం పని చెడుతుంది. తప్పింది ఒకటి రెండు మెగాహెర్ట్జ్ దగ్గరైతే బజారులో దొరికే చిన్న ఫెర్రైట్ ముక్క మీద డబ్బు తగలేయకండి.

మళ్లీ టెస్ట్‌కు దూరం పోనక్కర్లేదు. ఇలాంటి ఈఎంసీ (విద్యుదయస్కాంత అంతరాయాల) పరీక్షలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సమీర్ కేంద్రం విశాఖలోనే ఉంది.

ప్రశ్న: ఈ క్లాంప్ బదులు వాకీటాకీ దగ్గర పెట్టి నొక్కి చూస్తే చాలదా? (బొబ్బిలి నుంచి)

జవాబు: చాలదు. మామూలు వాకీటాకీలు 80 మెగాహెర్ట్జ్‌కు చాలా పైన పనిచేస్తాయి. దాంతో రీడింగ్ ఎగిరితే బాక్సులో లోపం ఉన్నట్టే. ఎగరకపోతే మాత్రం ఈ టెస్ట్ గురించి మీకేమీ తెలియనట్టే.