‘ప్రెసిషన్’లో ఉన్నది కోతే

ప్రశ్న: ‘ప్రెసిషన్’, ‘ఆక్యురసీ’ అనే రెండు ఇంగ్లీషు మాటలకూ మన పత్రికలు ‘ఖచ్చితత్వం’ అనే రాస్తున్నాయి. అవి రెండూ ఒకటేనా? ప్రెసిషన్ అనే మాట ఎలా పుట్టింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ప్రెసిషన్‌కు మూలం ‘ప్రైకీదెరె’ అనే లాటిన్ క్రియ. ‘ప్రై’ అంటే ముందు, ‘కైదెరె’ అంటే కోయడం. రెండూ కలిస్తే కొనను తెగ్గోయడం. దీని నుంచి వచ్చిన ‘ప్రైకీసియో’ అనే నామవాచకాన్ని రోమన్ అలంకారికులు, చెబుతున్న మాటను ఉన్నట్టుండి మధ్యలో ఆపివేయడం అనే అర్థంలో వాడారు. అంటే తొలినాళ్లలో ఇందులో కొలత ఊసే లేదు. అక్కరలేనిదంతా కత్తిరించగా హద్దులు స్పష్టంగా తేలినది అనే అర్థం తరువాత ఏర్పడింది; మన బడిపిల్లలు రాసే ‘ప్రెసీ’ కూడా ఫ్రెంచి ద్వారా వచ్చిన ఈ కుటుంబపు మాటే. ఇంగ్లీషులో ‘ప్రిసైజ్’ 15వ శతాబ్దం నుంచీ, ‘ప్రెసిషన్’ 17వ శతాబ్దం నుంచీ కనిపిస్తాయి. ఆ రెండు శతాబ్దాల నడుమ, మతాచారాల విషయంలో పట్టువిడుపులు లేని ప్యూరిటన్లను ‘ప్రెసీషియన్లు’ అని వెక్కిరించేవారు. మనం చాదస్తులనడం వంటిదే.

సంస్కృతంలోనూ ఇదే ఊహ ఉండడం విశేషం. కోయడమనే అర్థం గల ‘ఛిద్’ ధాతువు నుంచి పుట్టిన ‘పరిచ్ఛేదం’ అంటే అధ్యాయమే కాదు, హద్దులు గీసి చేసిన నిర్ణయం కూడా. అయితే ‘ఛిద్’కు లాటిన్‌లో చుట్టం ‘స్కిందెరె’ అనే మరో క్రియ గాని ‘కైదెరె’ కాదు. కనుక ఇది భావసామ్యమే తప్ప బంధుత్వం కాదు.

ఆక్యురసీ దారి వేరు. దానిలో ఉన్నది ‘కూరా’, అంటే శ్రద్ధ.

వాడుకలో రెండింటినీ ఒకటిగా చూసినా నష్టం లేదు గాని, కొలతల శాస్త్రంలో కుదరదు. సరిగ్గా 10 గ్రాముల బంగారు బిళ్లను ఒక త్రాసు మాటిమాటికీ 10.41, 10.42, 10.41 గ్రాములుగా చూపిందనుకోండి: విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి కాబట్టి ప్రెసిషన్ బాగుంది, నిజమైన బరువుకు దూరంగా ఉన్నాయి కాబట్టి ఆక్యురసీ లేదు. మరో త్రాసు 9.7, 10.3, 10.0 చూపితే సగటు సరిపోతుంది గాని ఏ ఒక్క తూకాన్నీ నమ్మలేము. అందుకే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1994లో వెలువరించిన 5725వ ప్రమాణం, సగటు నిజానికి దగ్గరగా ఉండడం, విలువలు చెదరకుండా ఉండడం అనే రెండు గుణాలూ కలిస్తేనే ఆక్యురసీ అంటుంది. మొదటి త్రాసు దోషం ఎప్పుడూ ఒకే వైపు, దాదాపు ఒకే మేరకు ఉంటుంది కనుక దానిని సరిచూసిన తూకపురాయితో పోల్చి సవరించవచ్చు. రెండవ దానితో మాత్రం పలుమార్లు తూచి సగటు తీయక తప్పదు.