నల్లరేగడి పెరట్లో ఇసుక కలపవచ్చా?

గుంటూరులోని మీ పెరటి నల్లరేగడి వానకు జిగటగా మారి, ఎండకు నెర్రెలిచ్చి, వంగ మొక్కల వేళ్లు కుళ్లిపోతున్నాయని, రెండు బస్తాల ఇసుక కలిపితే బాగుపడుతుందా అని అడిగారు. ఇసుక జోలికి వెళ్లవద్దండి. ఈ నేలలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను తడికి ఉబ్బి, ఆరితే కుంచించుకుపోతుంది. ఆ గుణం మారాలంటే మట్టిలో దాదాపు సగం ఇసుకే ఉండాలి, అది పెరట్లో అయ్యే పని కాదు.

దానికి బదులు 20 సెంటీమీటర్ల ఎత్తున మడులు కట్టి, బాగా చివికిన పశువుల ఎరువును రెండు మూడు అంగుళాల మందాన పరచి పైమట్టిలో కలపండి. ఏటా వేయాలి, ఎందుకంటే మన ఎండలకు అది త్వరగా కరిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, పదును (మట్టిలో తవ్వడానికి తగిన తేమ) చూసి తవ్వడం. గుప్పెడు మట్టిని ముద్ద చేసి బొటనవేలితో నొక్కినప్పుడు పొడిపొడిగా విడిపోతే తవ్వవచ్చు. వేలిముద్ర పడి అలాగే నిలిచిందంటే ఆ రోజు పార ముట్టుకోకండి. నేను ఒకసారి తొందరపడి పెళ్లగించిన గడ్డలు వేసవంతా ఇటుకల్లా ఉండిపోయాయి.

జిప్సం మాత్రం భూసార పరీక్షలో కారుచౌడు (సోడియం ఎక్కువైన నేల) అని తేలితేనే వేయండి. ఎండాకాలంలో మొక్కల మొదళ్ల చుట్టూ ఎండుటాకులు కప్పితే నెర్రెలు తగ్గుతాయి.