ప్లాను చూశానురా, ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి మేనల్లుడికి, మీ అత్త ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను రెండుసార్లు చూశాను. ఊరి బయట మన మామిడితోటలో, అరవై మంది పిల్లలకి, అన్నయ్య పేరు మీద రెండంతస్తుల అనాథాశ్రమం. గేటు పక్కన అన్నయ్య విగ్రహం కూడా వేయించావు. నీ మనసు మంచిదే. కానీ ఆ బిల్డింగు కట్టకు. ఫోన్లో చెబితే మీటింగుందంటూ పెట్టేస్తావని రాస్తున్నా.

అలాంటి ఆశ్రమంలోనే నేను పదకొండేళ్లు వార్డెన్‌గా చేశాను. పేరెందుకులే. తొంభై మంది పిల్లలు. ఆకలితో ఎవరూ పడుకోలేదు, అది ఒప్పుకోవాలి. లేవడానికి గంట కొట్టేవాళ్లం, స్నానానికి గంట, అన్నానికి గంట. పండగకి ఒకే తానులో కోసిన బట్టలు. ఎవరో దాత పుట్టినరోజని కేకు వస్తే, పిల్లలు వరసలో నిలబడి ఆ ముఖం తెలియని మనిషికి పాట పాడేవాళ్లు. వాళ్ల పుట్టినరోజులు మాత్రం మాకే తెలియవు, బడిలో వేసిన జూన్ తేదీలే చాలామందికి. పద్దెనిమిది నిండి వెళ్లిపోయిన ఒక పిల్ల నెల తిరక్కుండా వచ్చి, "టీచర్, పావుకిలో కందిపప్పు ఎంతమందికొస్తుంది?" అని అడిగింది. మా వంటగది పక్క గదిలో పదేళ్లు పెరిగింది. ఆ వంటగదికి తాళం వేసిందాన్ని నేనే.

ఆ తర్వాతే ఉద్యోగం మానేశాను. ఇప్పుడు నేను నడిపే ఈ తెనాలి ఇంట్లో ఎనిమిది మంది ఆడపిల్లలు.

నువ్వు లెక్కలు అడిగే మనిషివి కాబట్టి ఒకటి చెబుతా. రుమేనియాలో 2000 సంవత్సరంలో శాస్త్రవేత్తలు ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్ని తీసుకుని, చీటీలు వేసినట్టు సగం మందిని పెంపక కుటుంబాలకు పంపారు. ఇళ్లకు వెళ్లినవాళ్లు, ముఖ్యంగా రెండేళ్లలోపే వెళ్లినవాళ్లు, బాగా తేరుకున్నారు. పసివాడికి అరవై మందిలో ఒకడుగా కాక తనకంటూ ఒక మనిషి కావాలి.

మొదట తేల్చుకోవలసింది, ఆ బిడ్డకి నీ ఇల్లు అసలు అవసరమా అని. నా దగ్గరకొచ్చిన పిల్లల్లో సగం మందికి పైగా తల్లో తండ్రో బతికే ఉన్నారు. మొగుడు పోయి, కూలికెళ్తూ, బిడ్డని ఎక్కడ వదలాలో తెలియక తెచ్చినవాళ్లే ఎక్కువ. ఆశ్రమం కడితే నిండుతుందిరా, సందేహం లేదు. ఆ తల్లికి నెలకి కాస్త ఆసరా దొరికితే బిడ్డ ఇంట్లోనే ఉంటుంది. కేంద్రం మిషన్ వాత్సల్య పథకం కింద అలాంటి బిడ్డకి నెలకి 4,000 రూపాయలు స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఏర్పాటుంది. అర్జీ రాయించి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం చుట్టూ తిరిగే ఓపికే వాళ్లకుండదు. నీ డబ్బులో కొంత ఆ తిరుగుడుకి పెట్టు. ఇద్దరు తల్లుల విషయంలో నేను చేసిందదే.

ఇక కాగితాలు. 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేకుండా పిల్లల్ని పెట్టుకుంటే ఏడాది వరకు జైలు, లేదా లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ. ఎవరో బిడ్డని గుమ్మంలో వదిలిపోయినా 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. "మనకి తెలిసినవాళ్ల పిల్లే" అని ఊరుకోవద్దు. ఇంకొకటి, నీకు అమెరికా పౌరసత్వం వచ్చేసింది కాబట్టి నీ డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది. విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంస్థ నీ దగ్గర పైసా తీసుకోకూడదు. ముందు మంచి ఆడిటర్ని పట్టుకో.

ఇల్లు వీధిలో ఉండాలి, తోటలో కాదు. కిరాణా కొట్టు, పక్కింటి గోడ, గోడ మీంచి కూరగిన్నె అందించే మనిషి ఉండాలి. మాకు అద్దెకివ్వడానికి నలుగురు ఇంటివాళ్లు "ఎవరి పిల్లలోనండీ" అన్నారు. ఐదో ఆవిడ ఇచ్చింది. ఇప్పుడు సంక్రాంతి ముగ్గులకి మా పిల్లల్నే పిలుస్తుంది. ఎనిమిది మంది దాటనివ్వకు. అక్కచెల్లెళ్లని విడదీయకు. బోర్డు పెట్టకు.

అసలు ఖర్చు మనిషి మీద పెట్టాలి. 1949లో ఆస్ట్రియాలో హెర్మన్ గ్మైనర్ మొదలుపెట్టిన ఎస్‌ఓఎస్ పిల్లల గ్రామాల పద్ధతంతా దీని మీదే నిలబడింది: ఒక ఇల్లు, కొద్దిమంది పిల్లలు, వాళ్లతో ఉండిపోయే ఒక తల్లి. మన విశాఖలోనూ వాళ్ల గ్రామం ఉంది, వెళ్లి చూడు. నేను మొదటి రెండేళ్లు చేసిన తప్పు, తక్కువ జీతానికి మనుషుల్ని పెట్టడం. ముగ్గురు మారారు. మూడో ఆవిడ వెళ్లిన రాత్రి ఏడేళ్ల పిల్లకి జ్వరమొచ్చింది. డాక్టరు ఏమీ లేదన్నాడు. ఆ పిల్ల తర్వాత వచ్చినావిడతో ఆరు నెలలు మాట్లాడలేదు, "నువ్వెప్పుడెళ్తావు?" అన్న ఒక్కమాట తప్ప. అప్పటినుంచి మంచి జీతం, పీఎఫ్, వారానికో రోజు సెలవు, ఆ సెలవుకి పిల్లలు ఎరిగిన రెండో మనిషి. ఇప్పటావిడ వచ్చి తొమ్మిదేళ్లు. పిల్లలు ఆవిడని "పిన్నీ" అంటారు. సొంత తల్లులు ఉన్నవాళ్లున్నారు, "అమ్మా" అన్న పిలుపు ఆ తల్లులకే ఉంచాం.

కొత్త పిల్ల దిండు కింద ఇడ్లీలు దాచుకుంటే తిట్టకు. దాని పేరు రాసిన డబ్బా మంచం పక్కన పెట్టి, రోజూ నింపు. మా దగ్గర ఒకమ్మాయి నాలుగు నెలలకి డబ్బా తనే వంటింట్లో పెట్టేసింది.

పిల్లల ముఖాలు ఫేస్‌బుక్‌లో పెట్టకు. చట్టమూ ఒప్పుకోదు, రేపు వాళ్ల పెళ్లి చూపుల్లో ఆ ఫోటో ఎవడో తీస్తాడు. పద్దెనిమిది నిండగానే సంచి చేతికివ్వకు. ఇరవై ఒకటి దాకా చట్టమే ఆసరా చూపిస్తుంది. ఆ తర్వాత కూడా పురుటికి రావడానికి గుమ్మం ఉండాలి.

విగ్రహం సంగతి నాకు వదిలెయ్. అన్నయ్య ఫోటో హాల్లో పెడదాం, పిల్లలు తాతయ్య అనుకుంటారు. సంక్రాంతికి వచ్చి పది రోజులు ఈ ఇంట్లోనే ఉండు, హోటల్లో దిగకు. చాక్లెట్లు తేకు. మా కుక్కరు మూత పాడైంది, పది లీటర్లది ఒకటి కొనిపెట్టు.

మీ అత్త