పాఠకుల ప్రశ్నలు: ఇగ్వానా పెట్టెకు కరెంటు

ఇగ్వానా, బియర్డెడ్ డ్రాగన్ లాంటి విదేశీ బల్లులు, బాల్ పైథాన్ పాములు పెంచేవాళ్లు మన వైపు కూడా పెరిగారు. ఈ నెల ఉత్తరాల్లో మేత గురించి ఒక్క ప్రశ్నా లేదు, అన్నీ వైర్ల గురించే. కాబట్టి జవాబులన్నీ ఒకే చోట ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి నాలుగడుగుల పెట్టెలో ఇగ్వానాని పెంచుతున్నాడు. 100 వాట్ల సిరామిక్ హీటర్ (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే బల్బు), 75 వాట్ల హాలోజన్ బల్బు, 24 వాట్ల యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాల) ట్యూబు, 15 వాట్ల ఎల్‌ఈడీ, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టాడు. మొన్న చూస్తే ప్లగ్గు పిన్నులు నల్లబడి ఉన్నాయి. ఇంటికి లోడు పెంచుకోవాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. నిజమేనా?
— శ్రీకాకుళం

జవాబు: కాదు. మీరు రాసినవన్నీ కూడితే 214 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది ఒక ఆంపియర్ కూడా రాదు. ఇస్త్రీపెట్టె ఒక్కటే దీనికి నాలుగైదు రెట్లు లాగుతుంది. అయితే ఇస్త్రీపెట్టె పావుగంటలో ఆగిపోతుంది. ఈ సామాను పగలంతా నడుస్తుంది, చలికాలంలో హీటరైతే తెల్లవార్లూ నడుస్తుంది. పిన్ను సాకెట్లో వదులుగా ఉంటే అన్ని గంటలూ అక్కడ సన్నగా రవ్వలు రేగుతూనే ఉంటాయి. నల్లబడడానికి కారణం అదే. లేదంటే అదే బాక్సులో ఎవరో ఇస్త్రీపెట్టె కూడా పెడుతున్నారేమో కనుక్కోండి.

ముందు మెయిన్ ఆపి ప్లగ్గునీ సాకెట్నీ రెండూ మార్చండి. ఒక్కటే మారిస్తే లాభం లేదు. వేడెక్కిన సాకెట్లో ఇత్తడి రేకుకి బిగువు పోతుంది, అందులో పెట్టిన కొత్త ప్లగ్గు కూడా వారంలో నల్లబడుతుంది. వైరు చివర పోగులు మెలిపెట్టి, రెండుగా మడిచి స్క్రూ కింద బిగించాలి. కొందరు నీటుగా ఉంటుందని చివరకు సోల్డర్ పెడతారు. సోల్డర్ మెత్తటి లోహం. స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోయి బిగింపు వదులవుతుంది. ప్లగ్గులో వైరు తొడుగుని పట్టే క్లిప్పు కూడా బిగించడం మరవకండి. అది లేకపోతే వైరు లాగినప్పుడల్లా ఆ లాగుడు స్క్రూల మీద పడుతుంది.

ఎలక్ట్రీషియన్‌ని ఎలాగూ పిలిచారు కాబట్టి లోడు పెంచే డబ్బుతో ఇది చేయించండి. డీబీ (ఇంట్లో లైన్లన్నీ విడిపోయే మెయిన్ బోర్డు) నుంచి పెట్టెకి విడిగా ఒక లైను, 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, దానికి 6 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు), నాలుగు త్రీపిన్ సాకెట్ల బోర్డు, ఒక్కో సాకెట్‌కి ఒక్కో స్విచ్చు. బోర్డు నేలకి మూడు నాలుగు అడుగుల ఎత్తులో, పెట్టెకి పక్కగా ఉండాలి. సరిగ్గా కింద ఉంటే స్ప్రే చేసిన నీళ్లు దాంట్లోకి కారతాయి. ప్రతి వైరూ సాకెట్ కంటే ఓ జానెడు కిందికి వేలాడి తర్వాత పైకి ఎక్కేలా వదలండి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్ దాకా రాదు.

ప్రశ్న: సిరామిక్ హీటర్ బల్బుకి మర ఉంది. మా ఇంట్లోవన్నీ పిన్ను హోల్డర్లు. ఆన్‌లైన్‌లో 40 రూపాయలకు అడాప్టర్ కొని బిగించాం. పది రోజులకే కరిగి బల్బు ఊడి కింద పడింది. అదృష్టం కొద్దీ జంతువు ఆ మూలన లేదు.
— బొబ్బిలి

జవాబు: ఆ అడాప్టర్ ఎల్‌ఈడీ బల్బుకి సరిపోతుందే గాని వేడికి కాదు. సిరామిక్ హీటర్ పై భాగం రెండు వందల డిగ్రీలు దాటుతుంది. వెలుగు రాదు కాబట్టి వేలు తగిలేదాకా ఎవరికీ తెలియదు. దీనికి పింగాణీ మర హోల్డరే వాడాలి. బేకలైట్ కూడా వద్దు.

హోల్డర్ నుంచి వచ్చే మొదటి అడుగు వైరు కూడా మార్చాల్సిందే. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. ఆ పైన ఎండుటాకులా పెళుసెక్కి రాలిపోతుంది. సిలికాన్ తొడుగున్న వైరు వేయండి, దొరక్కపోతే మోటారు రివైండింగ్ షాపుల్లో అమ్మే ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడగండి.

మర హోల్డర్లో ఫేజు ఎప్పుడూ అడుగున మధ్యనుండే పాయింటుకి వెళ్లాలి, న్యూట్రల్ మర గొట్టానికి. తిరగబడితే బల్బు మార్చేటప్పుడు వేలికి తగిలే గొట్టమే ఫేజవుతుంది. స్విచ్చు కూడా ఫేజు మీదే ఉండాలి. పాత ఇళ్లలో ఇది తారుమారై ఉండడం మామూలే, టెస్టర్ పెట్టి చూసుకోండి.

బల్బు వైరు మీద వేలాడకూడదు, గొలుసుతో కట్టండి. చుట్టూ ఇనుప వల బుట్ట బిగించండి. ఇగ్వానా ఎక్కే కొమ్మకీ బల్బుకీ మధ్య కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలి. పైన ప్లైవుడ్ మూత ఉంటే దానికీ అంతే. బల్బు మీది రేకు డోమునీ (గొడుగునీ), ఇనుప వలనీ ఎర్త్ వైరుకి కలపండి.

ఎర్త్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ఎర్త్ గుంత లేని ఇళ్లలో కొందరు సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి ముడేస్తారు. బయట న్యూట్రల్ తెగిన రోజున మీ రేకు డోముకి ఫేజు వచ్చేస్తుంది. ఎక్కడైనా అలా కనిపిస్తే వెంటనే విప్పించండి. మల్టీమీటర్‌తో చూస్తే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, వారానికో బిందె నీళ్లు పోయండి.

ప్రశ్న: కోడిపిల్లల ఇంక్యుబేటర్లలో వాడే ఎస్‌టీసీ-1000 కంట్రోలర్ (వేడిని బట్టి హీటర్‌ని వేసి ఆపే థర్మోస్టాట్) చవకగా దొరికింది. దీన్ని హీటర్‌కి ఎలా కలపాలి? ఎంతకు సెట్ చేయాలి? థర్మోస్టాట్ ఉన్నా కాలిన జంతువుల ఫొటోలు చూసి భయంగా ఉంది.
— విజయనగరం

జవాబు: మంచి పరికరమే. ముందు వెనకాల లేబుల్ చూడండి. 12, 24, 110, 220 వోల్టుల రకాలన్నీ పైకి ఒకేలా ఉంటాయి, మీకు కావలసింది 220ది. 1, 2 నంబర్లకు ఫేజు, న్యూట్రల్. 3, 4కి సెన్సార్ వైరు. 5, 6 హీటింగ్ రిలే. చాలామంది తడబడేది ఇక్కడే. 5, 6ల్లోంచి కరెంటు దానంతటది రాదు, అది స్విచ్చు మాత్రమే. కాబట్టి 1 నుంచి 5కి ఒక చిన్న ఫేజు ముక్క వేసి, 6 నుంచి హీటర్ ఫేజుకి తీసుకోవాలి. హీటర్ న్యూట్రల్ నేరుగా లైనుకే. 7, 8 చల్లదనానికి, అక్కడ ఫ్యాను కలుపుకోవచ్చు. స్క్రూలన్నీ వెనకాల బయటికే ఉంటాయి, కాబట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించకుండా వాడకండి.

రాత్రి సిరామిక్ హీటర్‌కి ఎఫ్1ని (కావలసిన వేడి) 26, ఎఫ్2ని (ఎంత దిగితే మళ్లీ వేయాలో ఆ తేడా) 1, ఎఫ్3ని 1 పెట్టండి. 25కి దిగినప్పుడు హీటర్ పని మొదలుపెట్టి, 26కి ఆగుతుంది. ఎఫ్3 అనేది ఫ్రిజ్ కంప్రెసర్ కోసం పెట్టిన ఆలస్యం, మనకి ఒక నిమిషం చాలు. ఎఫ్4 సరిదిద్దుకోవడానికి. గ్లాసులో మంచుముక్కలు, కాస్త నీళ్లు పోసి సెన్సార్ ముంచండి. సున్నా చూపించకపోతే తేడా ఎంతో అంత ఎఫ్4లో దిద్దండి.

ఇక కాలిపోవడాల గురించి. సెన్సార్ జారి పెట్టె బయటికి వచ్చేస్తే అది గది చలిని చూపిస్తుంది, హీటర్ ఆగకుండా నడుస్తుంది. టేపుతో అంటించడం వల్ల వచ్చే తంటా ఇది. టేపు వేడికి ఊడుతుంది, ఒక్కోసారి జంతువు చర్మానికే అంటుకుంటుంది. సెన్సార్ వైరుని రెండు చోట్ల క్లాంపుతో పట్టించండి. రెండోది, రిలే లోపలి పాయింట్లు అతుక్కుపోవడం. అంకె 26 దాటి 35 అయినా, బోర్డు మీద హీటింగ్ దీపం ఆరిపోయినా, హీటర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. దీనికి ఒకే మందు. అలాంటి రెండో కంట్రోలర్‌ని వరుసలో కలిపి, దాన్ని నాలుగు డిగ్రీలు ఎక్కువకి సెట్ చేయడం. మొదటిది మొరాయిస్తే రెండోది ఆపుతుంది. రెండో సెన్సార్ వేరే చోట ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

పగలు జంతువు ఎండలా కాచుకునే హాలోజన్‌ని ఈ కంట్రోలర్‌కి పెట్టకండి. మాటిమాటికీ ఆగి వెలగడంతో ఫిలమెంటు త్వరగా పోతుంది, జంతువు బెదురుతుంది. దానికి డిమ్మింగ్ థర్మోస్టాట్ (పూర్తిగా ఆపకుండా బల్బుని తగ్గించి పెంచేది) కావాలి. యూవీబీ ట్యూబుని మాత్రం డిమ్మర్ దరిదాపులకు రానివ్వకూడదు, చోక్ పాడవుతుంది. దానికి టైమర్ చాలు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన గదులే పగలు 36, 37 ఉంటాయి. చలిదేశాల పుస్తకాలు చూసి ఆ నెలల్లో కూడా హీటర్ నడిపేవాళ్లున్నారు. ఇక్కడ చలికి చచ్చేవాటి కన్నా ఉడికి చచ్చేవే ఎక్కువనుకోవచ్చు. పెట్టెలో చల్లటి మూల 28 దాటకుండా చూడడమే మన దగ్గర అసలు పని.

ప్రశ్న: వాన పడిన సాయంత్రాల్లో ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది. దాన్ని తీసేసి నేరుగా కలిపేద్దామంటున్నాడు మా బావ.
— కళింగపట్నం

జవాబు: వద్దని చెప్పండి. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టాయని అది చెబుతోంది. అన్ని ప్లగ్గులూ పీకి ఆర్‌సీసీబీ వేయండి. నిలబడితే ఒక్కోటీ పెడుతూ రండి. ఏది పెట్టగానే పడిందో అదే దోషి. చాలాసార్లు నీళ్లలో పెట్టే గాజు హీటరో, చెమ్మ పీల్చిన హోల్డరో దొరుకుతుంది. ప్లగ్గులన్నీ పీకినా పడుతుంటే బోర్డులో చెమ్మ అయినా ఉండాలి, వేరే లైను న్యూట్రల్ ఇందులో కలిసి అయినా ఉండాలి. సముద్రం పక్కన ఉప్పుగాలికి స్క్రూలు పచ్చగా చిలుమెక్కుతాయి, ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించండి. బోర్డులో చీమలూ బల్లులూ దూరే కన్నాలుంటే మూయించండి. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. నొక్కినా పడకపోతే ఆర్‌సీసీబీయే మార్చాలి.

ప్రశ్న: తిత్లీ తుఫాను నాటి సంగతి తలచుకుంటే బెంగగా ఉంది. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది. బాల్ పైథాన్ హీటర్‌ని ఎంతసేపు నడపగలం?
— పలాస

జవాబు: 2018 అక్టోబరు 11న తిత్లీ మీ దగ్గరే తీరం దాటింది. ఉద్దానం ప్రాంతంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అంతకాలం ఏ ఇన్వర్టరూ లాగదు. లెక్క చూడండి. 12 వోల్టుల 150 ఏహెచ్ అంటే 1800 వాట్-అవర్లు. బ్యాటరీ చెడకుండా అందులో 60 శాతం వాడి, ఇన్వర్టర్ మింగేది తీసేస్తే చేతికి దాదాపు 860 మిగులుతుంది. 100 వాట్ల హీటర్ ఆగకుండా నడిస్తే ఎనిమిదిన్నర గంటలు. ఇంట్లో ఒక 70 వాట్ల ఫ్యాను కూడా తిరిగితే అయిదు గంటలే.

అయితే మీరు అంత కంగారు పడనక్కర్లేదు. అక్టోబరులో మీ గది 24 డిగ్రీలకు దిగడమే అరుదు. వారం రోజులు హీటర్ లేకపోయినా ఆరోగ్యంగా ఉన్న పైథాన్‌కి ప్రమాదం లేదు, మేత మాత్రం పెట్టకండి. వేడి లేనిదే అరగదు, కక్కేస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే మేత ఆపేయడమే మంచిది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కరెంటు పోతే పెట్టెకి మూడు పక్కలా థర్మోకోల్ అంటించి, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా ఒక మూల పెట్టండి. గాలి కన్నాలు మూయకండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే యూవీబీ ట్యూబుని దాని మీద వేయకండి. హీటర్‌కి పర్వాలేదు.

అసలు ప్రమాదం కరెంటు తిరిగొచ్చాక ఉంటుంది. లైన్లు సరిచేసేటప్పుడు న్యూట్రల్ వదులైతే ఇంట్లోకి 230కి బదులు 300 పైచిలుకు రావచ్చు. హీటర్ వాట్లు వోల్టేజీ వర్గంతో మారతాయి. 180 వోల్టుల దగ్గర 100 వాట్ల హీటర్ 61 వాట్లే ఇస్తుంది, 260 దగ్గర 128 ఇస్తుంది. 300 వస్తే 170. కాబట్టి డీబీలో ఓవర్, అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్ ఒకటి పెట్టించండి. అది లేనివాళ్లు తుఫాను ముందు ప్లగ్గులన్నీ పీకి, కరెంటు వచ్చాక అరగంట ఆగి, వోల్టేజీ చూసి పెట్టుకోవాలి. వరద నీళ్లు తాకిన సాకెట్‌ని ఎండిందనుకుని వాడకండి, ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూపించండి.

ప్రశ్న: యూవీబీ ట్యూబు ఖరీదు ఎక్కువ. వాటర్ ప్యూరిఫైయర్ యూవీ ట్యూబు వాడొచ్చా?
— రాజాం

జవాబు: పొరపాటున కూడా వద్దు. అది 254 నానోమీటర్ల యూవీసీ. సూక్ష్మజీవుల్ని చంపడానికి పెట్టింది. జంతువు కళ్లూ మీ కళ్లూ కూడా దెబ్బతింటాయి. దోమల్ని పట్టే దీపాలు, దొంగనోట్లు పట్టే దీపాలు కూడా పనికిరావు, వాటిలో యూవీబీ ఉండదు. కిటికీ గాజు యూవీబీని ఆపేస్తుంది కాబట్టి అద్దం వెనక ఎండా లెక్కకు రాదు. డబ్బు మిగలాలంటే ఉదయం ఎండలో వల పంజరంలో అరగంట ఉంచండి, సగం నీడ తప్పనిసరి.

ప్రశ్న: చుట్టాలు నక్షత్ర తాబేలుని ఇచ్చారు. దానికి ఏ లైటు పెట్టాలి?
— సాలూరు

జవాబు: ఏ లైటూ వద్దు. అటవీశాఖ రేంజ్ ఆఫీసులో అప్పగించండి. 1972 వన్యప్రాణి చట్టంలో, 2022 సవరణ తర్వాత అది ఒకటో షెడ్యూల్లో ఉంది. ఇంట్లో ఉంచుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. ఉడుమూ అంతే. ఇంటి చుట్టుపక్కల దొరికే పాముల్ని కూడా పెంచకూడదు. ఇగ్వానా, బాల్ పైథాన్ లాంటి సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని విదేశీ జంతువులను పెంచేవాళ్లు కూడా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొన్న రసీదు జాగ్రత్త.