మేనల్లుడికి, కారు సైలెన్సర్ గురించి

ఒరే చంటీ,

నీ కారుకి కొత్త సైలెన్సర్ వేయించడానికి నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చదివాను. వాటితో వచ్చిన వీడియోలు కూడా చూశాను, మీ అత్త వంటింట్లోంచి "ఏటి ఆ గోల, కట్టేయండి" అని కేకేసే దాకా. మూడింట్లోనూ చేసింది ఒకటే పని. బండి నిలబెట్టి, స్టార్టు చేసి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి వదిలేయడం. అలా వింటే ఏ సైలెన్సరైనా బాగానే ఉంటుంది. నువ్వేమో రోజూ మధురవాడ నుంచి గాజువాక వెళ్లి రావాలి, పండగకీ పబ్బానికీ అందరినీ ఎక్కించుకుని శ్రీకాకుళం వెళ్లాలి. లోపల కూర్చుని గంటలకొద్దీ వినాల్సిన శబ్దం ఎలా ఉంటుందో ఒక్క వీడియోలోనూ లేదు. నువ్వు తేల్చుకోవాల్సింది అదిరా.

ముందు నీ ఇంజను సంగతి అర్థం చేసుకో. నీ బీఎండబ్ల్యూ ఎమ్340ఐలో ఉన్నది 2998 సీసీ, ఒకే వరసలో ఆరు సిలిండర్లు, ఒక టర్బో, అంటే పొగ వేగంతో తిరుగుతూ ఇంజనులోకి ఎక్కువ గాలి నెట్టే పంకా. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-5-3-6-2-4. కాగితం మీద రాసి చూడు, ముందు మూడింట్లో ఒకటి పేలితే తర్వాత వెనక మూడింట్లో ఒకటి, మళ్లీ ముందువైపు ఒకటి. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, 120 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక పేలుడు, ఎక్కడా తడబాటు లేదు. అందుకే ముందు మూడింటి పొగని ఒక దారిలో, వెనక మూడింటి పొగని ఇంకో దారిలో టర్బో దాకా తీసుకెళ్తారు. ట్విన్ స్క్రోల్ అనేది దాన్నే. ఇంజనులోంచే అంత తీరైన మోత వస్తుంటే వెనక పైపు కట్టేవాడు కొత్తగా పుట్టించాల్సిందేమీ లేదు, ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఉంటే చాలు. నేను షిప్‌యార్డులో పైపు వెల్డింగులో చేరిన కొత్తలో జోంగాలనే మిలిటరీ జీపులు తిరిగేవి. అదీ 3956 సీసీ, ఆరు సిలిండర్ల పెట్రోలు బండే. సైలెన్సర్ బాగున్న జోంగా పక్కనుంచి పోతుంటే చేతిలో పని ఆపి వినేవాళ్లం.

నీ ఫ్రెండు ఎక్స్ పైపు, అంటే రెండు పైపుల్ని మధ్యలో కలిపే ముక్క, వేయించమన్నాడన్నావు. అది వీ6 వాళ్ల సలహా. వాళ్లకి అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు, రెండు వైపుల నుంచీ రెండు పైపులు వస్తాయి కాబట్టి మధ్యలో కలిపితే గరగర తగ్గుతుంది. నీ టర్బోలోంచి బయటికొచ్చేది ఒక్క పైపే, దానికి కలపడానికేముంది?

ఇప్పుడు అసలు విషయం, లోపల బుర్ర తినేసే ఆ 'భుమ్మ్' మోత. దాన్నే డ్రోన్ అంటారు. ఆరు సిలిండర్ల ఇంజను ఒక్క చుట్టుకి మూడు సార్లు పేలుతుంది. 2000 ఆర్పీఎం దగ్గర లెక్కేస్తే సెకనుకి 100 పేలుళ్లు, అంటే 100 హెర్ట్జ్. 1500 దగ్గర 75. నీ కారు పై గేర్లలో హైవే మీద తిరిగేది సరిగ్గా ఆ పరిధిలోనే. మూసిన కారులో ఆ కింది స్వరం చెవికంటే ముందు తలకి పడుతుంది. ఆనందపురం దాటేసరికి సరదాగా ఉంటుంది, విజయనగరం తిరిగే చోటికి వచ్చేసరికి వెనక సీట్లో మీ అమ్మ తల పట్టుకుంటుంది. దీనికి మందు ఉంది. మెయిన్ పైపు పక్కన, చివర మూసేసిన ఒక పైపుని కొమ్మలా అతికిస్తారు. శబ్దం అందులోకి వెళ్లి, మూసిన చివరకి తగిలి వెనక్కొచ్చి, వచ్చే శబ్దాన్ని చంపేస్తుంది. దాని పొడవు ఆ శబ్దతరంగంలో నాలుగోవంతు ఉండాలి. వేడి పొగలో శబ్దం సెకనుకి సుమారు 480 మీటర్లు పోతుంది, 100 హెర్ట్జ్‌కి తరంగం 4.8 మీటర్లు, నాలుగోవంతు 1.2 మీటర్లు. నాలుగడుగుల పైపు కారు కింద ఎక్కడ పడుతుందో చూసి వంచాలి. పైపు కట్టేవాణ్ని ఈ ఒక్క ప్రశ్న అడుగు: "డ్రోన్ రాకుండా ఏం చేస్తారు?" రెసొనేటర్ (మోతని తగ్గించే అదనపు డబ్బా) గురించో, ఈ పక్కపైపు గురించో మాట్లాడితే కూర్చో. "అదేం రాదు సార్, మనది గ్యారంటీ" అంటే టీ తాగి వచ్చేయ్.

పవర్ పెరుగుతుందన్న మాట కొటేషన్‌లో కొట్టేసి చదువు. టర్బో బండికి వెనక సైలెన్సర్ డబ్బా ఒక్కటే మారిస్తే వచ్చేది చాలా తక్కువ. ఇంజనుకి బ్యాక్ ప్రెషర్, అంటే పొగకి పైపులో ఎదురయ్యే అడ్డు, కావాలి అనేవాడి మాటా నమ్మకు, టర్బో వెనక ఎంత ఖాళీగా ఉంటే దానికి అంత హాయి. అలాగని నాలుగు అంగుళాల గొట్టం అక్కర్లేదు. ఒకే పైపయితే మూడు అంగుళాలు సరిపోతుంది. రెండో కొటేషన్‌లో రెండు అంగుళాల పైపులు జంటగా వేస్తానన్నాడు, ఆ రెండూ కలిపితే ఒక 2.8 అంగుళాల పైపుతో సమానం. తప్పేం లేదు, బరువే ఎక్కువ.

అసలు పవర్ కావాలంటే డౌన్‌పైపు (టర్బో నుంచి కిందికి దిగే మొదటి పైపు) మార్చి, పొగని శుభ్రం చేసే క్యాటలిస్టు తీసేయాలి అంటారు. ఆ పని చెయ్యొద్దు. టర్బో పక్కనే ఉండే ఆ డబ్బా కార్బన్ మోనాక్సైడునీ, నైట్రోజన్ ఆక్సైడ్లనీ, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరినీ విరగ్గొడుతుంది. అది తీస్తే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆ కంపు నీకే కొడుతుంది, వెనక ఆక్సిజన్ సెన్సరు పసిగట్టి పి0420 అని చెక్ ఇంజన్ లైటు వేస్తుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర తలనొప్పి మొదలవుతుంది. మూడో కొటేషన్‌లో అది కూడా కలిపి రాశాడు. ఆ కాగితం చింపేయ్.

ఇక మెటల్. ఇక్కడ నా మాట కళ్లు మూసుకుని విను, ఉప్పుగాలిలో స్టీలు ఎలా పోతుందో చూస్తూ బతికినవాణ్ని. కంపెనీ పైపులకి మామూలుగా వాడే 409 రకంలో క్రోమియం పదకొండు శాతం దగ్గర ఉంటుంది, పైన తుప్పు పట్టినా లోపల ఏళ్లకేళ్లు ఆగుతుంది. బయట కట్టించేటప్పుడు 304 అడుగు, అందులో క్రోమియం 18, నికెల్ 8. మోసం ఎక్కడుందంటే, అందరూ అయస్కాంతం పెట్టి చూసి అతుక్కోకపోతే 304 అనేసుకుంటారు. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపే 202 రకం కూడా అతుక్కోదు. బీచ్ రోడ్డు ఫ్లాట్ల బాల్కనీ రెయిలింగుల మీద ఎర్ర మచ్చలు చూశావా, చాలావరకు దాని పనే. పాత ఇనుము కొనేవాళ్ల దగ్గర చుక్కల మందు ఉంటుంది, చిన్న బ్యాటరీ తగిలించి ఒక చుక్క వేస్తే రంగులో తేడా తెలిసిపోతుంది. పైపు మీద గ్రేడు, హీట్ నంబరు (ఏ విడతలో కరిగించిన స్టీలో చెప్పేది) ప్రింటు ఉందేమో కూడా చూడు. 304 మీద కూడా మన ఊళ్లో టీ రంగు మరకలు పడతాయి, వాటికి కంగారు పడకు.

డబ్బా లోపలి నుంచి కూడా కుళ్లుతుంది. లీటరు పెట్రోలు కాలితే దగ్గర దగ్గర లీటరు నీరు పుడుతుంది. పైపు బాగా వేడెక్కితే ఆవిరై పోతుంది. ఎంవీపీ కాలనీలో కూరగాయలకి వెళ్లి వచ్చేంత దూరానికి వేడెక్కదు, నీరు డబ్బాలోనే నిలిచిపోతుంది. డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉందో లేదో వేలు పెట్టి చూడు.

వెల్డింగు చూడటానికి నన్ను పిలు. పిలవలేకపోతే, ఫ్లాంజి (బోల్టులు బిగించే అంచు) వైపు నుంచి ఫోను లైటు వేసి పైపు లోపలికి చూడు. బయట ఎంత నీటుగా ఉన్నా, లోపల ఆర్గాన్ గ్యాసు నింపకుండా టిగ్ వెల్డింగు కొడితే అతుకు వెంబడి నల్లగా మాడి పంచదార పలుకుల్లా గరుకుగా ఉంటుంది. చీలిక మొదలయ్యేది అక్కడే. వంపుల దగ్గర బొటనవేలితో తడుము, మ్యాండ్రెల్ బెండు అయితే గుండ్రంగా ఒకే లావు ఉంటుంది, నొక్కి వంచినదయితే నలిగి పల్చబడి ఉంటుంది. డబ్బాలో చిల్లుల గొట్టం చుట్టూ ముందు స్టీలు ఊలు చుట్టి దాని మీద గాజు ఊలు వేశాడా అడుగు. ఉత్త గాజు ఊలయితే కొన్నాళ్లకి పొగతో పాటే ఎగిరిపోయి, కొన్నప్పుడు లేని మోత మొదలవుతుంది.

చట్టం సంగతి నీకు తెలీదని కాదు, పట్టించుకోవని రాస్తున్నాను. అనుమతి లేని మార్పుకి మోటారు వాహనాల చట్టం 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. శబ్దానికి 190 సెక్షను వేరే, 10,000 దాకా, లైసెన్సు మూడు నెలలు పక్కన పెడతారు. కేజీహెచ్ లాంటి ఆసుపత్రుల చుట్టూ వంద మీటర్లు సైలెన్స్ జోన్. పట్టుకున్న సైలెన్సర్లని మన పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించిన ఫొటోలు నువ్వే నాకు పంపి నవ్వావు. అందుకే మొదటి కొటేషనే నయం అంటున్నాను. మోత తగ్గించుకోవడానికి మూసుకునే వాల్వు ఉంది, డబ్బా మీద గుండ్రంలో 'ఈ' ముద్ర ఉంది, అంటే యూరప్‌లో మార్పిడి సైలెన్సర్ల కోసం పెట్టిన 59వ రెగ్యులేషన్ ప్రకారం కొలిచారన్నమాట. ఆ ముద్ర ఇక్కడ అనుమతి కిందికి రాదు, కానీ ఎవరో మైకు పెట్టి కొలిచిన వస్తువు. బిగించే ముందు ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్సు వాళ్లనీ కాగితం మీద అడుగు. కాదంటే ఆశ వదిలేసుకో, నీ బండి ఇప్పుడూ మూగది కాదు కదా.

బిగించాక నలుగుర్ని ఎక్కించుకుని శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి రా. స్పీడు బ్రేకర్లకి తగులుతుందో, మలుపుల్లో రబ్బరు హ్యాంగర్లు ఊగి పైపు బంపరుకి కొడుతుందో అప్పుడే తెలుస్తుంది. వచ్చాక బండి చల్లారనిచ్చి బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించు.

తీసిన కంపెనీ సైలెన్సర్‌కి రెండు మూతులూ గుడ్డతో కట్టి, ప్లాస్టిక్ చుట్టి అటక మీద పెట్టు. రేపు కారు అమ్మాలన్నా అదే కావాలి. మీ అమ్మకి ముందే చెప్పు, లేకపోతే పాత సామాన్లవాడికి వేసేసి ఉల్లిపాయలు కొనేస్తుంది.

మీ మావయ్య