పాత కంప్యూటర్‌ని టీవీకి కలపడానికి వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐలలో ఏది మంచిది?

హెచ్‌డీఎంఐ. చివర్లో చెప్పే ఒక్క సందర్భంలో తప్ప ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. కానీ "బొమ్మ బాగానే వస్తోంది, అక్షరాలే మసకగా ఉన్నాయి, వైరు మార్చాలా?" అని ప్రశ్న కింద రాశారు చూడండి, అది చదవగానే నాకు మా తెనాలి ఇల్లు గుర్తొచ్చింది. మీ బాధ వైరుది కాదు.

మా అమ్మావాళ్లది భజన బృందం. ప్రతి శనివారం మా ఇంట్లోనే కూర్చుంటారు. పదిమందీ అరవై దాటినవాళ్లే, పుస్తకంలో అక్షరాలు కనపడక ఇబ్బంది పడుతుంటే, మూలన పడున్న కంప్యూటర్‌ని 43 అంగుళాల 4కే టీవీకి తగిలించి పాటలన్నీ పెద్ద అక్షరాల్లో టైపు చేసిపెట్టాను. నీలం మీద ఎరుపు అయితే కళగా ఉంటుందని రంగులు అమ్మే చెప్పింది.

మొదటివారమే ఒక పెద్దావిడ పాట ఆపేసి, "లక్ష్మి దగ్గర కింద ఏముందో తెలియట్లేదు నాయనా" అన్నారు. దగ్గరికెళ్లి చూస్తే నిజమే. 'క్ష్మి' కింద మ వత్తు పైనున్న అక్షరానికి అంటుకుపోయి ఎర్రటి మరకలా ఉంది. అదే తెరమీద, తెల్లరంగులో ఉన్న పాట పేరు మాత్రం అచ్చుగుద్దినట్టు ఉంది. ఇంగ్లిషు అక్షరాలైతే ఆ మాత్రం మసకకి ఎలాగోలా చదువుకోవచ్చు. మనకి వత్తు చెదిరితే మాటే మారిపోతుంది.

బజారులో కొట్టతను వైరు నాసిరకం అన్నాడు. బంగారు పూత ఉన్నది 1,800 రూపాయలకి అంటగట్టాడు. తెచ్చి పెడితే అదే మరక. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి అంకెలు. వైరు పాడైతే తెరమీద చుక్కలు మెరుస్తాయి, బొమ్మ వచ్చిపోతూ ఉంటుంది, లేదా అసలు రాదు. అంతేగానీ అక్షరం మెత్తబడదు. రెండు మీటర్ల దూరానికి మామూలు వైరు శుభ్రంగా సరిపోతుంది.

అసలు సంగతేంటంటే, చాలా టీవీలు వచ్చే బొమ్మని సినిమా అనుకునే చూస్తాయి. వెలుగు ప్రతి చుక్కకీ విడిగా ఉంచుకుంటాయి గానీ, రంగుని పక్కపక్క చుక్కలకి కలిపి పంచేస్తాయి. సినిమాకి దానివల్ల నష్టం లేదు, బ్లూరే డిస్కులో కూడా రంగు అలా కుదించే ఉంటుంది. నీలం మీద ఎర్రటి సన్నగీతలకే చావు. టీవీ సెట్టింగుల్లో ఆ హెచ్‌డీఎంఐ పోర్టు పేరుని 'పీసీ' అని మార్చాను. ఒక్కసారి తెర నల్లబడి మళ్లీ వచ్చింది, మ వత్తు విడిగా నిలబడింది. అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. కొన్ని టీవీల్లో పేరు కాదు, పోర్టు పక్కనుండే గుర్తు (ఐకాన్) మార్చాలి.

అంచులు తెగి కింద గడియారం కనపడకపోతే అది వేరే గొడవ. పిక్చర్ ట్యూబుల కాలంనాటి అలవాటు కొద్దీ టీవీ బొమ్మని కాస్త సాగదీస్తుంది. 'స్క్రీన్ ఫిట్' అనో 'జస్ట్ స్కాన్' అనో ఉంటుంది, అది పెట్టండి.

మీ కంప్యూటర్ పాతది కాబట్టి అందులో హెచ్‌డీఎంఐ 1.4 ఉండొచ్చు. దాంట్లో 4కే పెడితే సెకనుకి 30 బొమ్మలే, మౌసు బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. 60 కావాలంటే 2013లో వచ్చిన 2.0 ఉండాలి. లేకపోతే తెర కొలత 1080కి తగ్గించి, సెకనుకి 60 బొమ్మలు పెట్టేయండి. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చునేవాళ్లకి 4కే కన్నా ఇదే హాయి.

డీవీఐ ఒక్కటే ఉన్నా కంగారుపడకండి, 1080 వరకూ బొమ్మ విషయంలో అది హెచ్‌డీఎంఐ లాంటిదే. ఒక చివర డీవీఐ, రెండో చివర హెచ్‌డీఎంఐ ఉన్న వైరు దొరుకుతుంది. చాలా గ్రాఫిక్స్ కార్డుల్లో డీవీఐ నుంచి శబ్దం మాత్రం రాదు, దానికి వేరే వైరు వేయాలి. అలా వేరే వైరు వేస్తే స్పీకర్లలో గుయ్యిమని మోత మొదలవుతుంది చూడండి, అది చాలాసార్లు ఎర్తింగు చలవే. మా వీధిలో సగం ఇళ్లలో ప్లగ్గు సాకెట్టు మూడో రంధ్రం వెనక ఎర్తు వైరే లేదు.  ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది చూపించండి, మిగతావన్నీ తర్వాత.

వీజీఏ జోలికి వెళ్లాల్సింది ఒక్క సందర్భంలోనే. మీ టీవీ పాత 32 అంగుళాల 'హెచ్‌డీ రెడీ' రకమైతే దాని తెర సాధారణంగా 1366×768 చుక్కలు. హెచ్‌డీఎంఐలో 720 పంపినా 1080 పంపినా టీవీ దాన్ని మళ్లీ కొలత మార్చుకోవాల్సిందే. వీజీఏలో టీవీ 1360×768 తీసుకుంటే దాదాపు చుక్కకి చుక్క సరిపోయి అక్షరం గట్టిగా ఉంటుంది. టీవీ వెనక చీటీ మీద మోడల్ నంబరు చూసి ఇక్కడ రాయండి, ఏ మెనూలో ఏది మార్చాలో చెబుతాను.